విమానాశ్రయాలలో ద్విచక్ర వాహనాలకు నీడ కల్పించండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిన నాటి నుంచి హైదరాబాద్ వాసులకు విమానాశ్రయం దూరమైంది. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు కనుక, స్కూటరుపై వచ్చేవారు లారీలూ బస్సులూ పరుగెత్తే రహదారుల వెంటే అంత దూరమూ రావలసి ఉంటుంది. అలా వచ్చేవారిలో ప్రయాణికులే కాదు, తెల్లవారుజామున డ్యూటీ ఎక్కే సెక్యూరిటీ సిబ్బంది, సామాన్లు మోసే లోడర్లు, గల్ఫ్‌కు వెళ్లే తమ్ముణ్ని సాగనంపడానికి వచ్చిన అన్నలూ ఉంటారు.

గత వేసవిలో వేరొక నగరంలోని విమానాశ్రయంలో నా బండిని నాలుగు రోజులు నిలిపాను. తిరిగి వచ్చేసరికి సైడ్ స్టాండు మెత్తబడిన తారులోకి దిగబడి, బండి పక్క బండిపైకి ఒరిగి ఉంది. అద్దం విరిగింది, సీటు కవరు ఎండకు చిట్లింది, నేలపై పెట్రోలు మరక. హెల్మెట్ పెట్టే చోటు లేక అంతకుముందే దాన్ని విమానంలోకి మోసుకెళ్లాను. నష్టం నాకు పెద్దది కాదు, కానీ నెల జీతంపై బతికే లోడరుకు ఆ మరమ్మతు ఖర్చు చాలా బరువు.

కాబట్టి ప్రతి విమానాశ్రయంలోనూ టెర్మినల్‌కు నడిచి చేరగల దూరంలో, పైకప్పుతో, తారుకు బదులు కాంక్రీటు నేలతో ద్విచక్ర వాహనాల స్టాండు ఉండేలా, రోజుల తరబడి నిలిపే బండికి గంటల లెక్కన కాక రోజువారీ రుసుము మాత్రమే వసూలు చేసేలా ఆదేశాలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. హెల్మెట్ లాకర్లు కూడా అక్కడే ఉండాలి.

భవదీయుడు,
ఒక ద్విచక్ర వాహనదారుడు