ఈ నెల మంటల సామాను ఎందుకు ఆలస్యమైందంటే

మా దగ్గర పొగ యంత్రాలు, గ్యాసు మంటల సామాను అద్దెకు తీసుకునే ప్రొడక్షన్ మేనేజర్లకు, ఆర్ట్ డైరెక్టర్లకు నమస్కారం. గడచిన మూడు వారాల్లో మీలో నలుగురికి చెప్పిన రోజుకు సామాను పంపలేకపోయాను. నేను తక్కువ లెక్క వేసి ఒప్పుకున్న ఒక చిన్న సినిమాయే దానికి కారణం. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా జరిగినదంతా ఇక్కడ రాయడం మర్యాద అనుకుంటున్నాను.

ఆ సినిమా కథ ఇది: అపార్టుమెంటు ఐదో అంతస్తులో బీరువా తాళం తీస్తున్న దొంగకు కింద నిప్పంటుకున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మెట్లదారి మూసుకుపోయాక, పక్క ఫ్లాటులో మంచం దిగలేని ముసలాయన ఒకరున్నారని గ్రహిస్తాడు. సినిమాలో సగం ఆ ఒక్క వరండాలోనే నడుస్తుంది కాబట్టి నిర్మాతకు ఒకే సెట్టుతో పని జరిగిపోతుంది, అయితే ఆ సెట్టు పదకొండు రాత్రులు మండాలి, మర్నాటికి మిగలాలి కూడా. కృష్ణానగర్‌లో ఇన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నా, ఆ మిగలడానికి అయ్యే ఖర్చును నేను సరిగ్గా అంచనా వేయలేదు.

సెట్టులో నిజంగా మండేది గోడ కాదు, గోడ ముందు పెట్టిన చిల్లుల ఇనుప గొట్టంలోంచి వచ్చే గ్యాసు. వెనక జిప్సం బోర్డు వేస్తాము. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీరే గనుక అది ఆవిరయ్యేదాకా బోర్డు వేడిని ఆపుతుంది, ఆ తరువాత పొడిపొడిగా రాలిపోతుంది. ప్లైవుడ్ కన్నా ఖరీదే, కానీ మనుషులు నిలబడి నటించే చోట ప్లైవుడ్ వేయడానికి నాకు మనసొప్పదు. ఒక్కో రాత్రి రెండేసి సార్లు బోర్డులు మార్చవలసి వచ్చింది.

మూడో రాత్రి అసలు దెబ్బ తగిలింది. ఖర్చు కలిసివస్తుందని ఒక్కో గ్యాసు లైనుకు 19 కిలోల సిలిండర్లు రెండే కట్టాను. గ్యాసును ఒక్కసారిగా ఎక్కువ లాగితే లోపలి ద్రవం చల్లబడి ఒత్తిడి పడిపోతుందని తెలిసి కూడా చేసిన పని అది. డూప్ తాడు మీద దిగుతుండగా నిలువెత్తు మంట నిమిషం లోపే మోకాలి ఎత్తుకు పడిపోయింది. వెళ్లి చూస్తే సిలిండరు కింది సగం తెల్లగా మంచు కట్టి ఉంది, చెయ్యి వేస్తే వేళ్లు అంటుకున్నాయి. సిలిండరు కింద స్టవ్ పెట్టి వేడి చేద్దామని ఒకరు, ఇళ్లలో వాడే 14.2 కిలోల సిలిండర్లు తెప్పిద్దామని మరొకరు అన్నారు. మొదటిది ప్రాణాల మీదికి తెచ్చేది, రెండోది నిబంధనలకు విరుద్ధం. రెండూ కాదని షూటింగు ఆపేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి కాల్‌షీటు నష్టం కింద నిర్మాత నాకు ఇవ్వవలసిన బాకీలో సగం ఆపారు, ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

మిగిలిన రాత్రుల కోసం లైనుకు ఆరు సిలిండర్లు కట్టి, మీకు ఇస్తానన్న గొట్టాలు కూడా అక్కడే వాడాను. మిమ్మల్ని అడగకుండా అలా చేయడం నా తప్పే. ఆ నలుగురికీ ఈసారి రవాణా ఖర్చు నాదే. ఇకమీదట ముందురోజు ఒకసారి వెలిగించి చూడనిదే, అగ్నిమాపక వాహనం సెట్టు దగ్గర ఉండనిదే మంటల పని ఒప్పుకోను, వాటి ఖర్చు మొదటే అంచనాలో కలుపుతాను. పొగ యంత్రాల అద్దె పాతదే. వంగిపోయిన రెండు గొట్టాలు బాగుచేయడానికి లేతు మిషను షాపుకు ఇచ్చాను. అవి శనివారం తిరిగి రాగానే, ముందు అడిగినవారికి ముందుగా నేనే ఫోను చేస్తాను.