మెనింజైటిస్ తిరగబెడితే దారి వెతకాలి

సంపాదకులకు,

మా అన్న కూతురికి మూడేళ్లలో రెండుసార్లు బ్యాక్టీరియా వల్ల మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాగా, రెండుసార్లూ యాంటీబయాటిక్స్‌తో నయం చేసి పంపారే గానీ ఎందుకు తిరగబెట్టిందని ఎవరూ వెతకలేదు. పాపకు ఒక చెవి వినబడదని మేమూ ఆలస్యంగానే గుర్తించాం. చివరకు సీటీ స్కాన్‌లో, లోపలి చెవి పుట్టుకతోనే సరిగా ఏర్పడక, మెదడు చుట్టూ ఉండే ద్రవం మధ్యచెవిలోకి కారుతోందని, అదే దారిన న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా లోపలికి చేరుతోందని తేలింది. పుర్రె అడుగున పగులు, నడుము మధ్యన వెంట్రుకలతో కనిపించే చిన్న గుంట కూడా ఇలాంటి దారులు కావచ్చు. ఒకే ముక్కు రంధ్రం నుంచి నీరు కారుతుంటే జలుబనుకోకుండా, అది మెదడు చుట్టూ ఉండే ద్రవమో కాదో తేల్చే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష చేయించాలి. టీకాలు అవసరమే అయినా, దారిని శస్త్రచికిత్సతో మూయనిదే ముప్పు తప్పదు. రెండోసారి ఈ జబ్బు వచ్చిన ప్రతి బిడ్డకూ ఉత్తర తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోనే వినికిడి పరీక్ష, స్కాన్ చేసేలా వైద్యారోగ్య శాఖ ఆదేశించాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు, హనుమకొండ