సంజీవయ్య గారిని ఒక్క ముక్కతో సరిపెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఒకటో తారీఖు పొద్దున్నే మా అవ్వకు పింఛను ఇచ్చి వెళ్లారు. నాలుగు వేలు, ఎనిమిది ఐదొందల నోట్లు. అవ్వ వేలు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. ఈ పింఛను మొదట ఎవరు పెట్టారే అవ్వా అని అడిగితే ఈమధ్య ముఖ్యమంత్రుల పేర్లు రెండు చెప్పింది గానీ దామోదరం సంజీవయ్య పేరు రాలేదు. ఆయన పుట్టిన పెదపాడు కర్నూలు పక్కనే, మాకు దూరమేం కాదు. అవ్వ తప్పేం లేదు, ఆమెకు ఎవరైనా చెప్తే కదా!

ఏటా ఫిబ్రవరి 14న ఆయన జయంతికి ఫ్లెక్సీలు కడతారు, విగ్రహానికి దండలేస్తారు, మీ పేపర్లోనూ ఫొటో వేసి కింద 'తొలి దళిత ముఖ్యమంత్రి' అని రాస్తారు. అది చిన్న విషయమని నేననను. పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి పోయి, సెంటు భూమి లేని ఇంట్లో పెరిగి, లా చదివి, 38 ఏళ్లకే ముఖ్యమంత్రి కావడం, అదీ 1960లో, మాటలా? కానీ అక్కడితో ఆపేస్తే ఆయన కులం ఒక్కటే గుర్తుండిపోతుంది, పని మరుగున పడుతుంది.

ముఖ్యమంత్రిగా ఉన్నది 26 నెలలే. అందులోనే వృద్ధులకు పింఛను మొదలైంది. ఆయన తన తల్లి చేతిలో డబ్బు పెడితే మిగతా ముసలివాళ్ల సంగతేమిట్రా అని ఆమె అడిగిందట, అందుకే పెట్టాడని మా వైపు పెద్దలు చెప్తారు. ఇవాళ లంచగొండిని పట్టుకున్నారని మీరు వేసే ప్రతి వార్తలో కనిపించే ఏసీబీ 1961లో ఆయన హయాంలో ఏర్పడిందే. బంజరు భూములు పేదలకు పంచారు. తర్వాత ఢిల్లీలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965లో బోనస్ చట్టం వచ్చింది, పండక్కి బోనస్ తీసుకునే ఎంతమందికి ఈ సంగతి తెలుసు? 1972లో పోయేనాటికి ఆయన వెనకేసుకున్న ఆస్తి లేదు.

అందుకని నేనడిగేది రెండే. వచ్చే జయంతికి మీరు ఫొటోతోపాటు ఈ పనుల మీద ఒక్క పేజీ వేయండి. ప్రభుత్వం ప్రతి సచివాలయంలో పింఛన్ల బోర్డు మీద, 1960లో సంజీవయ్య మొదలుపెట్టారని ఒక్క లైను రాయించాలి. ఏ పార్టీ వచ్చి పథకం పేరు మార్చినా ఆ లైను మాత్రం చెరపకూడదు.

అవ్వకు ఆరోజే అంతా చెప్పాను. 'మన పెదపాడాయనా!' అంది, ఆయన ఫొటో చూపించమంది.

- ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా