పాత బండికి ‘డైరెక్ట్’ కరెంట్ ఇవ్వొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే బండ్లు తగలబడిన వార్తలు తరచూ చూస్తుంటాం. ‘షార్ట్ సర్క్యూటే కారణం’ అన్న మాటతో వార్త అయిపోతుంది. హన్మకొండలో ఏళ్లుగా పాత బండ్ల వైరింగ్ చేస్తున్నవాణ్ని. ఆ షార్ట్ ఎక్కడ పుడుతుందో చెప్పాలని రాస్తున్నా.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఒకప్పుడు మేడారం జాతరకు జనాన్ని మోసిన బండ్లు మన దిక్కు ఇంకా కొన్ని ఉన్నాయి. నాయిన నడిపిన బండి అని అమ్మబుద్ధి కాక షెడ్లలో దాచుకున్నారు. ఇన్నేళ్లకు బానెట్ ఎత్తితే ఎలుకలు కొరికిన వైర్లు, కాయిల్ (ప్లగ్గులో నిప్పురవ్వకు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ పుట్టించేది) పక్కన ఎటు పోయేవో తెలియని కొసలు కనిపిస్తాయి. మెకానిక్‌కు చూపిస్తే ‘డైరెక్ట్ ఇచ్చేద్దాం సార్’ అని బ్యాటరీ నుంచి కాయిల్‌కు ఒక వైరు లాగుతాడు. బండి స్టార్టయితది. కానీ తాళం తిప్పినా ఆగదు. ఇంజన్ దానంతటదే ఆగినప్పుడు పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంట్‌ను తెంపే చిన్న స్విచ్) కలిసి ఉంటే, కాయిల్‌లో కరెంట్ పారుతూనే ఉండి చేయి పెట్టలేనంత కాలుతుంది.

మొన్న పరకాల నుంచి వచ్చిన బండిలో గోధుమరంగు వైరును, తెల్ల వైరును మెలేసి ఒకే టేపులో చుట్టి ఉంచారు. టేపు కరిగి జిగురు కారుతోంది. చూస్తే కడుపు మండింది.

బ్రిటిష్ పద్ధతి వైరింగ్‌లో రంగు చూస్తే వైరు పని తెలుస్తుంది. గోధుమరంగుది బ్యాటరీ నుంచి వచ్చేది, తాళం తీసేసినా అందులో కరెంట్ ఉంటుంది. తెల్లది తాళం తిప్పాక కాయిల్‌కు పోతుంది. తెలుపు మీద నల్ల గీత ఉన్నది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు (ప్లగ్గులకు వరసగా కరెంట్ పంచేది). ఆకుపచ్చది ఫ్యూజు దాటి వచ్చేది. నల్లది ఎర్త్, అంటే బాడీకి పోయేది. అసలు ప్రమాదం ఏమిటంటే గోధుమరంగుకు, తెల్లదానికి ఫ్యూజు ఉండదు. అవి బాడీకి తగిలితే ఏ ఫ్యూజూ కొట్టేయదు, వైరే ఎర్రగా కాలుతుంది. రంగు వెలిసిపోయిందని ఊహించి కలపొద్దు. పాత చుట్టు టేపు కొంచెం విప్పితే ఎండ తగలని చోట అసలు రంగు దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే బ్యాటరీ ఎర్త్ ఊడదీసి, మీటర్‌తో ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, చీటీ అంటించాకే కలపాలి.

కలిపాక పరీక్షకు చిన్న 12 వోల్టుల బల్బు చాలు. ఒక కొస బాడీకి పెట్టి, రెండోది కాయిల్ మీద ‘ఎస్‌డబ్ల్యూ’ (తాళం స్విచ్ వైపు) అన్న చోట తాకిస్తే తాళం తిప్పగానే వెలగాలి. తర్వాత ‘సీబీ’ (పాయింట్ల వైపు) దగ్గర పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పితే, పాయింట్లు విడినప్పుడు వెలిగి, కలిసినప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లకు మసి పట్టిందనో, ఆ వైరు తెగిందనో అర్థం. అసలే వెలగకపోతే సీబీ వైరు తీసి చూడండి. అప్పుడు వెలిగితే కాయిల్ మంచిదే, షార్ట్ ఆ వైరులోనో, డిస్ట్రిబ్యూటర్ లోపలో ఉంది. ఎక్కువసార్లు పాయింట్ల నట్టు కింద గోరంత ప్లాస్టిక్ వాషర్ తప్పిపోయి ఉంటుంది. ఆ వాషర్ లేక మంచి కాయిళ్లు పారేసినవాళ్లను చూశాను, బాధనిపిస్తుంది.

తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం ‘వీఏ’ (వింటేజ్ బండి) నంబరు తెచ్చింది, కొత్తగా తీసుకుంటే ఫీజు 20 వేలు. అంత కట్టి బండిని కాపాడుకునేవాడికి, వైరు గుర్తుపట్టే మనిషి దొరకాలి కదా! మా తరం వాళ్లం కొద్దిమందిమే మిగిలాం. రాష్ట్రంలో ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు, సంతోషం. ఎలక్ట్రిక్ బండ్లు నేర్పండి, తప్పకుండా నేర్పండి. పక్కనే ఒక చెక్క పలక మీద కాయిల్, డిస్ట్రిబ్యూటర్, తాళం స్విచ్ బిగించి పిల్లలతో వైర్లు కలిపించండి. పాత సామాను మా షెడ్లలోనే ఉంది. వరంగల్ ఐటీఐ వాళ్లు అడిగితే పలక నేనే తయారు చేసి ఇస్తాను, వచ్చి చూపిస్తాను, పైసా తీసుకోను.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, హన్మకొండ