సినిమా విభాగం: 2025 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది నెలవారీ ప్రదర్శనలు వానల్లో తప్ప మామూలుగానే జరిగాయి. లెక్కల పత్రం విడిగా జతచేశాం. కాస్త వివరంగా చెప్పాల్సింది సొరచేప సినిమా ‘జాస్’ గురించే.

1975 జూన్ 20న విడుదలైన సినిమా కదా, యాభై ఏళ్లు నిండాయని జూన్‌లో క్లబ్‌హౌస్‌లో వేశాం. జనం నవ్వారు. తప్పు మన స్పీకర్లది. సొరచేప వస్తుందనగా మోగే మంద్ర స్వరాలు ఆ చిన్న డబ్బాల్లోంచి బయటికే రాలేదు. అవి లేకపోతే తెరమీద మిగిలేది నీళ్లూ, ఈదేవాళ్ల కాళ్లూ. అయినా నవ్వడం మనతో మొదలవలేదు. సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఈ బాణీని పియానో మీద వినిపిస్తే సినిమా దర్శకుడు స్పీల్‌బర్గ్ కూడా జోక్ అనుకుని నవ్వాడట.

జూలైలో సబ్‌వూఫర్, అంటే మంద్ర స్వరాలు పలికించే స్పీకర్, అద్దెకు తెచ్చి మళ్లీ వేశాం. ముందు వరుస పిల్లలు కాళ్లు కుర్చీల మీదికి లాక్కున్నారు.

తర్వాత చర్చలో మన వీణ టీచరుగారు ఆ బాణీలోని రెండు స్వరాలూ మీటి చూపించారు. షడ్జమం, శుద్ధ రిషభం. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు నేర్చుకునే ప్రతి పిల్లా మొదట పలికే ‘స రి’ మధ్య ఉన్న దూరమే! నెమ్మదిగా మీటితే చేప ఎక్కడో ఉంది, వేగం పెంచితే పక్కనే ఉంది. షూటింగ్‌లో వాడిన మరచేప ఉప్పునీళ్లలో మొరాయించడంతో గంట దాటేదాకా దాన్ని సరిగా చూపించలేదు. అంతసేపూ ఆ పాత్ర మోసింది ఈ బాణీయే.

బీచ్‌లో ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్కతో జనాన్ని హడలగొట్టే చోట బాణీ మోగదు. చెవి పెట్టినవాళ్లకు అది ఉత్తుత్తిదని ముందే తెలిసిపోతుంది. తర్వాత పడవ మీంచి పోలీస్ చీఫ్ బ్రాడీ ఎర విసురుతుంటే అసలు చేపే తల పైకెత్తుతుంది, అప్పుడూ ముందస్తు సంగీతం లేదు. అంతవరకు నమ్మించి ఇక్కడ మోసం చేశారని నా వాదన. టీచరుగారు ఒప్పుకోలేదు, “చెవిని నమ్ముకున్నవాళ్లకు తగిన శాస్తి” అన్నారు. చర్చ పార్కింగ్ దాకా సాగింది.

సబ్‌వూఫర్ ప్రతిసారీ అద్దెకు తేవడం కన్నా కొనడమే నయం. సర్వసభ్య సమావేశంలో ఆమోదించగలరు.

సినిమా విభాగం కార్యదర్శి