విమానాశ్రయాలు సరే, ప్రయాణికుల లెక్క ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

మామునూరు, కుప్పం, దగదర్తి, పలాస అంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లో కొత్త విమానాశ్రయాల ప్రస్తావన తరచుగా వినిపిస్తోంది. విమానాశ్రయం రావాలని ఏ జిల్లా వారైనా కోరుకోవడం సహజమే. కానీ ఎక్కడివారు ఎక్కడికి వెళ్తున్నారన్న కనీస సమాచారం ప్రజల ముందు లేకుండానే ఈ నిర్ణయాలు జరగడం ఆందోళన కలిగిస్తోంది.

ఏ రెండు నగరాల మధ్య ఎంతమంది ప్రయాణించారో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దేశీయ మార్గాలకు ప్రతినెలా, విదేశీ మార్గాలకు మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. ఒక్కో విమానాశ్రయంలో ఎక్కినవారిని, దిగినవారిని కలిపి విమానాశ్రయాల ప్రాధికార సంస్థ లెక్క చెబుతుంది. అయితే రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో విమానమెక్కి, శంషాబాద్‌లో మారి, కువైట్‌కు పనికి వెళ్లే గోదావరి జిల్లాల మహిళ ఈ పట్టికల్లో ఒకసారి రాజమండ్రి–హైదరాబాద్ ప్రయాణికురాలిగా, మరోసారి హైదరాబాద్–కువైట్ ప్రయాణికురాలిగా కనిపిస్తుందే గాని, ఆమె అసలు ప్రయాణం రాజమండ్రి నుంచి కువైట్‌కని ఎక్కడా తేలదు. రాజమండ్రి నుంచి గల్ఫ్‌కు నేరుగా విమానం నడిస్తే నిండుతుందా అన్న ప్రశ్నకు ఈ లెక్కల్లో జవాబు దొరకదు.

మా హిందూపురం, పెనుకొండ వైపు వారికి దగ్గర్లో ఉన్న పెద్ద విమానాశ్రయం బెంగళూరు శివార్లలోని దేవనహళ్లి. తెల్లవారుజాము విమానం అందుకోవాలంటే అర్ధరాత్రే కారు మాట్లాడుకుని, పిల్లలను నిద్రలోనే ఎత్తుకుని బయలుదేరాలి. ఇంత చేసినా వారంతా బెంగళూరు ప్రయాణికులుగానే లెక్కకెక్కుతారు. చిత్తూరు వైపు నుంచి చెన్నై వెళ్లి విమానమెక్కేవారి సంగతీ అంతే. అటు బీదర్, రాయచూరు నుంచి శంషాబాద్ వచ్చేవారు తెలంగాణ లెక్కలో కలుస్తారు. ఏ జిల్లా అవసరం ఎంతో ఇలా ఎన్నటికీ బయటపడదు.

దీని పర్యవసానం చిన్నది కాదు. 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ సర్వీసుతో సహా, చిన్న నగరాలకు రాయితీతో విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ తొలి విమానాలు ఎంతో ఆశతో ఎగిరాయి. ఆ పథకం కింద మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదని, మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేశాయని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023 నివేదిక తేల్చింది. భూమి, వసతుల కొరత కొంత కారణమే. కానీ నడిచి ఆగిపోయిన మార్గాల విషయంలో, ప్రయాణికులు ఎంతమంది ఉంటారన్న అంచనా దేని ఆధారంగా వేశారని అడగక తప్పదు.

అమెరికాలో దేశీయ ప్రయాణాలకు సంబంధించి టికెట్లలో పదో వంతును నమూనాగా తీసుకుని, బయలుదేరిన ఊరు, చివరి గమ్యం, చెల్లించిన ధర మూడు నెలలకోసారి ఉచితంగా ప్రచురించే పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. మన దగ్గర ఆ సమాచారం విమానయాన సంస్థల కంప్యూటర్లలోనే ఉండిపోతోంది, లేదా డబ్బు పెట్టి కొనగలిగినవారికే అందుతోంది. ప్రయాణికుల పేర్లు తొలగించి అటువంటి నమూనాను డీజీసీఏ ప్రచురించాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు శంషాబాద్‌తో పాటు దేవనహళ్లి, చెన్నై విమానాశ్రయాల్లోనూ ప్రయాణికులు ఏ మండలం నుంచి వచ్చారో సర్వే చేయించి, ప్రతి కొత్త విమానాశ్రయం సాధ్యాసాధ్యాల నివేదికను భూసేకరణకు ముందే ప్రజల ముందుంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హిందూపురం