చెరువులో చల్లిన బ్యాక్టీరియాని ఎవరు తింటున్నారు, మంత్రిగారూ?

పురపాలక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. హుస్సేన్‌సాగర్ లాంటి చెరువుల్లో మురుగు, దుర్వాసన తగ్గడానికి బ్యాక్టీరియా ద్రావణం చల్లిస్తుంటారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. చల్లొద్దని కాదు.

మా కాలేజీ వెనక మురుగు కలిసే చెరువు ఒకటుంది. ఆ నీళ్లు గాజు గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తితే, ఆవగింజ కంటే చిన్న చుక్కలు గెంతుతూ కనిపిస్తాయి. డాఫ్నియా జాతివి, నీటి ఈగలంటాం. కాళ్లకున్న సన్నటి వెంట్రుకలే వాటి జల్లెడ. మైక్రాన్ సైజు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుండే బ్యాక్టీరియా కూడా అందులో చిక్కుతుంది. మురుగు నీళ్లలో బ్యాక్టీరియా దండిగా ఉంటుంది కాబట్టి వాటికి రోజూ పెళ్లి భోజనమే. మనం డబ్బు పోసి చల్లింది కూడా ఆ విస్తట్లోకే పోవచ్చు. అడుగు బురదకి అతుక్కున్నవి మాత్రం చాలావరకు తప్పించుకుంటాయి. కొన్ని రకాలు దారాల్లా పొడుగు పెరిగి, మింగుడు పడకుండా బతికిపోతాయి.

సైక్లోప్స్ అనే ఇంకో రకం నీటి పురుగులున్న చోట కథ తిరగబడుతుంది. అవి బ్యాక్టీరియా జోలికి పెద్దగా పోవు. బ్యాక్టీరియాని తినే ఏకకణ జీవుల్ని తింటాయి. అప్పుడు బ్యాక్టీరియా పెరగొచ్చు కూడా. కాబట్టి ఏ చెరువులో ఏ పురుగుందో చూడకుండా ఒకే డోసు అన్నిటికీ రాసేస్తే ఎలాగండీ?

చేపపిల్లల్ని వదిలేటప్పుడూ ఇదే చిక్కు. బొచ్చెకి ఈ పురుగులే ఇష్టం. అది మేసేస్తే పెద్ద డాఫ్నియాలు పోయి, చిన్న రకాలు, రోటిఫర్లనే ఇంకా సన్నటి జీవులు మిగులుతాయి. ఇంక మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు ముద్దలుంటాయి, అవి డాఫ్నియా నోటికి పట్టవు, పైగా జల్లెడకి అడ్డం పడతాయి. హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా నుంచి మురుగు వస్తున్నంతకాలం ఈ నాచుకి ఎరువు అందుతూనే ఉంటుంది. అది వేరే ఉత్తరం లెండి.

నేను అడిగేది చిన్నదే. భీమవరం వైపు చేపల రైతులు 50 లీటర్ల చెరువు నీళ్లు ప్లాంక్టన్ వలలో, అంటే నీళ్లలో తేలే సన్నటి జీవుల్ని పట్టే వలలో వడపోసి, గాజు గొట్టంలో ఎంత పేరుకుందో చూసుకుంటారు. ద్రావణం చల్లడానికి ముందురోజు ఒకసారి, ఆ తర్వాత వారం వారం అలాగే చూడాలని, దాంతోపాటు బ్యాక్టీరియా లెక్క కూడా తీయాలని టెండర్లోనే రాయించండి. బిల్లు పాసయ్యేది ఆ కాగితాలు చూశాకే అని కూడా.

పురుగుల్ని లెక్కపెట్టే మైక్రోస్కోపు మా ల్యాబులో ఉంది. సీసాలు పంపిస్తే మా పిల్లలు లెక్కపెట్టి ఇస్తారు.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్